‘రొయ్య’ అని టైపు చేసి చూడండి: ఒక ల్యాప్‌టాప్ కీబోర్డ్ ఒకరికి నచ్చి ఇంకొకరికి ఎందుకు నచ్చదు

అమలాపురంలో ఒక డీటీపీ సెంటర్. యజమాని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లిష్ లోయర్, హయ్యర్ రెండూ పాసైన మనిషి. హైదరాబాద్ కంపెనీకి ఇంటి దగ్గర్నుంచే పనిచేసే మేనల్లుడు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెడితే, ఆయన నాలుగు లైన్లు కొట్టి చూసి, “బాగానే ఉంది గానీ, అడుగు తగిలి వేళ్లు నొప్పెడతన్నాయిరా” అన్నాడు. మేనల్లుడు సెంటర్‌లోని పాత డెస్క్‌టాప్ కీబోర్డ్ మీద కూర్చుని, “ఇంత లోతుకి నొక్కాలా మావయ్యా? పేరా పూర్తయ్యేసరికి చెయ్యి లాగేస్తోంది” అన్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. గొడవల్లా ఎక్కడొస్తుందంటే, కీబోర్డ్ బాగుంది, బాగోలేదు అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. కీ కింద ఏముందన్నది ఒకటి. ఏ కీ ఎక్కడుంది, ఎంత వెడల్పుందన్నది రెండోది. ఆ వేళ్లు ఇన్నేళ్లూ ఏ భాషని, ఏ పద్ధతిలో కొట్టడానికి అలవాటుపడ్డాయన్నది మూడోది. ల్యాప్‌టాప్ రివ్యూల్లో దాదాపు అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు. ఎందుకంటే వాళ్లు ఇంగ్లిష్ టైపు చేసి చూస్తారు, ఇంగ్లిష్‌కి మిగతా రెండూ పెద్దగా అడ్డురావు. తెలుగు టైపు చేసేవాళ్లకి మాత్రం అసలు తిప్పలు రెండో దాంట్లో, మూడో దాంట్లో ఉన్నాయని నా అభిప్రాయం. అయితే మొదటిది కాస్త అర్థమైతే గానీ మిగతావి తేలవు.

కీ కింద ఏముంటుంది

ల్యాప్‌టాప్ కీక్యాప్‌ని జాగ్రత్తగా ఊడదీస్తే రెండు సన్నటి ప్లాస్టిక్ చట్రాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ కనిపిస్తాయి. ఈ ఏర్పాటుకి సిజర్ (కత్తెర) అన్న పేరు ఆ ఆకారం వల్లే వచ్చింది. వేలు కీ అంచున పడినా మధ్యలో పడినా కీ పక్కకి ఒరగకుండా సమంగా దిగేలా చూడటం వాటి పని. మధ్యలో చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది. దాని కింద మెంబ్రేన్. ఇది మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు. పై షీటు మీద, కింది షీటు మీద వెండి కలిసిన సిరాతో అచ్చేసిన సన్నటి గీతలుంటాయి, నడిమి షీటులో ఒక్కో కీ కింద ఒక్కో చిల్లు ఉంటుంది. కీ నొక్కితే బుడిపె కుంగి పై షీటుని చిల్లులోంచి కింది షీటుకి తాకిస్తుంది. కరెంటు పారుతుంది, అక్షరం పడుతుంది.

ఇందులో మన వేలికి తెలిసేదంతా ఆ బుడిపె ప్రవర్తనే. నొక్కడం మొదలుపెట్టగానే అది ఎదురొత్తుతుంది. ఆ ఎదురు పెరుగుతూ పోయి ఒక దశలో బుడిపె గోడలు ఒక్కసారిగా మడతపడతాయి. వేలికి ఎదురు తగ్గిపోతుంది. ‘కీ పడింది’ అని మనసుకి తెలిసేది ఆ తగ్గడం వల్లే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ మడతపడే చోటు దాకా రావడానికి సుమారు 50 నుంచి 70 గ్రాముల బరువు పెట్టినంత బలం కావాలి. అంత బలం పెట్టాక ఎదురు ఎంత తగ్గుతుందన్నది అసలు విషయం. బాగా తగ్గితే కీ ‘టక్’మని పడ్డట్టుంటుంది. కొద్దిగానే తగ్గితే మెత్తగా, ఎక్కడ పడిందో తెలియకుండా ఉంటుంది.

కంపెనీలు బ్రోషర్లలో రాసే ‘కీ ట్రావెల్’ అంటే కీ ఎంత లోతుకి దిగుతుందన్న అంకె. 1 మిల్లీమీటరు, 1.3, 1.5 అంటూ ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాదు గానీ అది చెప్పేది తక్కువ. గట్టిగా మడతపడే బుడిపె ఉన్న 1.3 మి.మీ. కీ, మెత్తటి బుడిపె ఉన్న 1.8 మి.మీ. కీ కంటే చేతికి బాగుండొచ్చు. మడత ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకెని మాత్రం ఏ కంపెనీ బ్రోషర్ మీద వెయ్యదు.

ఇప్పుడు మావయ్య నొప్పి సంగతి చూద్దాం. డెస్క్‌టాప్‌కి వాడే మామూలు మెకానికల్ స్విచ్ 4 మి.మీ. దిగుతుంది, సగం దూరంలోనే, అంటే 2 మి.మీ. దగ్గరే అక్షరం పడిపోతుంది. మిగతా 2 మి.మీ. వేలు నెమ్మదించడానికి జాగా. ల్యాప్‌టాప్ బుడిపెలో అలా కుదరదు. మెంబ్రేన్ అడుగున ఉంది కాబట్టి కీ దాదాపు చివరిదాకా దిగితే గానీ అక్షరం పడదు. అంటే ప్రతి దెబ్బా నేలకి తగిలినట్టే. టైపు మిషన్ మీద నేర్చుకున్న చెయ్యి కీని నొక్కదు, కొడుతుంది. లోహపు అచ్చు ఎగిరి రిబ్బన్ మీద పడాలి, కార్బన్ కాపీ మీద కూడా అక్షరం తేలాలి. 1955లో గోద్రెజ్ మన దేశంలోనే తయారుచెయ్యడం మొదలుపెట్టిన మిషన్లయినా, అంతకుముందు దిగుమతైన రెమింగ్టన్లయినా అన్నిటికీ అదే పద్ధతి. హయ్యర్ పరీక్షకి నిమిషానికి 45 మాటల లెక్కన ఆ దెబ్బలతోనే సాధన చేశారు. ఆ బలమంతా 1 మి.మీ. కీ మీద పడితే తిరిగి వేలి కొసలకే వచ్చి తగులుతుంది. మేనల్లుడి తరం మొదట ఫోన్ అద్దం మీద టైపు చేసింది. వాళ్ల వేలికి ఆ బలమే లేదు, అందుకే వాళ్లకి ఈ నొప్పీ తెలియదు.

దీనికి తోడు కీబోర్డ్ కింద ఉండే పలక. చౌక ల్యాప్‌టాప్‌లలో జి, హెచ్ కీల దగ్గర వేలితో కాస్త గట్టిగా అదిమితే మొత్తం పలకే కిందికి వంగుతుంది. పలక వంగితే బుడిపె ఇచ్చే ఆ ‘టక్’ అందులో కలిసిపోతుంది. చాలామంది ‘మెత్తగా ఉంది’ అని కీని తిడతారు గానీ తప్పు కీది కాదు, కింద స్క్రూలు తక్కువ వేసిన పలకది.

కీలు ఎందుకు ఇంత పలచబడ్డాయంటే ల్యాప్‌టాప్ పలచబడింది కాబట్టి. కీబోర్డ్ కింద బ్యాటరీ ఉంటుంది. ఇటు తగ్గించిన ప్రతి అర మిల్లీమీటరూ అటు బ్యాటరీకో, మొత్తం మందం తగ్గడానికో పోతుంది. కీబోర్డ్‌కే పేరు తెచ్చుకున్న లెనోవో థింక్‌ప్యాడ్‌లోనూ ఒకప్పటి 1.8 మి.మీ. చాలా మోడళ్లలో 1.5కి వచ్చింది. ఈ దారిలో అందరికంటే ముందుకెళ్లి దెబ్బతిన్నది ఆపిల్. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో సిజర్ బదులు ‘బటర్‌ఫ్లై’ అనే ఏర్పాటు తెచ్చారు. కీ దిగేది సుమారు అర మిల్లీమీటరు. అంత సన్నటి సందులో చిన్న రేణువు ఇరుక్కున్నా కీ పడకపోవడం, లేదా ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. 2018 జూన్‌లో ఉచితంగా బాగుచేసే కార్యక్రమం ప్రకటించారు. 2019 నవంబర్‌లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో మళ్లీ సిజర్‌కి, 1 మి.మీ.కి తిరిగొచ్చారు. 2022లో అమెరికాలో వినియోగదారులతో 5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది.

అర మిల్లీమీటరు సందు మన వైపు ఎంతకాలం పనిచేస్తుందో ఊహించుకోవచ్చు. మండపేట, తణుకు చుట్టుపక్కల రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఆ నల్లటి బూడిద పొడి మేడ మీద ఆరేసిన బట్టల మీదే కాదు, కిటికీ పక్కన తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్ మీద కూడా పడుతుంది. వరి చేల మధ్య ఇళ్లలో రాత్రిపూట స్క్రీన్ వెలుగుకి పచ్చదోమ వచ్చి వాలుతుంది, తోలితే కీల సందుల్లోకే పోతుంది. అందుకే ఇక్కడ చాలామంది సిలికాన్ కవర్ వేస్తారు. బూడిద ఆగుతుంది, నిజమే. కానీ ఆ కవర్ వేశాక 1 మి.మీ. కీ అయినా 1.8 మి.మీ. కీ అయినా ఒకటే, వేలికి ఏదీ తెలియదు. కవర్ వెయ్యాలనుకునేవాళ్లు కీ ట్రావెల్ గురించి ఆలోచించడమే దండగ.

అంచుల్లో కోత

రెండో సంగతికి వద్దాం. పెద్ద కీబోర్డ్‌లో ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి 19.05 మి.మీ., అంటే ముప్పావు అంగుళం దూరం ఉంటుంది. టైపు మిషన్ల కాలం నుంచి వస్తున్న కొలత ఇది. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లు చాలావరకు 19కి దగ్గరగానే ఉంటాయి. 11, 12 అంగుళాల వాటిల్లో చోటు చాలదు. అప్పుడు కంపెనీవాళ్లు ఏం చేస్తారంటే, నడిమి అక్షరాల్ని ముట్టుకోకుండా అంచుల్ని కోస్తారు. కుడివైపు బ్రాకెట్లు, సెమికోలన్, కోట్ గుర్తు, స్లాష్, కుడి షిఫ్ట్. ఎడమవైపు ఎస్కేప్ కింద ఉండే బ్యాక్‌టిక్ (`). కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో ఇవి సగం వెడల్పుకి తగ్గిపోతాయి. కొన్నిటిలో పై బాణం కీ వచ్చి స్లాష్‌కీ కుడి షిఫ్ట్‌కీ మధ్యలో దూరుతుంది. ఇంగ్లిష్ వాళ్లకి ఇది పెద్ద నష్టం కాదు, అవన్నీ విరామ చిహ్నాలే కదా.

మనకి అవి అక్షరాలు.

భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్‌ని ప్రామాణికం చేసింది. 1991లో అది భారతీయ ప్రమాణాల సంస్థ పుస్తకంలోకి ఎక్కింది. ఈరోజు విండోస్‌లో ‘తెలుగు’ అని ఎంచుకుంటే వచ్చే మామూలు అమరిక అదే. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి. హల్లులు ఎక్కువగా కుడిచేతికి. తెలుగు మాట నడిచేదే హల్లు, గుణింతం, హల్లు, గుణింతం అన్న వరసలో కాబట్టి చేతులు వంతులేసుకుని కదులుతాయి. ‘గోదావరి’ కొట్టి చూడండి: ఐ, ఏ, ఓ, ఈ, బి, జె, ఎఫ్. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చక్కగా పోతూ ఉంటే ఒక్క ‘వ’ దగ్గర మాత్రం ఎడమచెయ్యి వరసగా రెండుసార్లు దిగుతుంది. ఈ ఊపు దొరికినవాళ్లు ఇన్‌స్క్రిప్ట్‌ని వదలరు. పొల్లు గుర్తు ‘డి’ కీ మీద, ఎడమచేతి నడిమి వేలి కిందే ఉంటుంది. ప్రతి వత్తుకీ అది కావాలి. ఇన్‌స్క్రిప్ట్ వాళ్ల పాత ల్యాప్‌టాప్‌లో అన్నిటికంటే నునుపు తేలి మెరిసేది ఆ డి కీయే.

ఇబ్బంది ఎక్కడంటే హల్లులు ఎక్కువ, కీలు తక్కువ. కుడిచేతి చిటికెన వేలికి వచ్చేవి చూడండి: పి మీద జ, దాని పక్క బ్రాకెట్ మీద డ, సెమికోలన్ మీద చ, కోట్ గుర్తు మీద ట, స్లాష్ మీద య. తెలుగులో జ, డ, చ, ట, య లేకుండా ఒక్క వాక్యం గడవడం కష్టం. ఇంగ్లిష్‌లో ఆ అయిదింటిలో పి ఒక్కటే అక్షరం. అన్ని వేళ్లలోకీ బలహీనమైన వేలికి, కంపెనీవాడు అన్నిటికంటే ముందు కోసే కీలు!

ఎడమ అంచు కథ ఇంకో రకం. హిందీలో హ్రస్వ ‘ఎ’, హ్రస్వ ‘ఒ’ విడిగా లేవు. అన్ని భాషలకీ ఉమ్మడి అమరిక కాబట్టి మధ్య వరసలో మంచి చోట్లు ఏ, ఓ లకి పోయాయి. మనకి రోజూ పడే ‘ె’ జెడ్ మీదికి, ‘ొ’ బ్యాక్‌టిక్ మీదికి, అంటే పైన ఎడమ మూలకి వెళ్లాయి. ఇక కోనసీమలో కూర్చుని ‘కొబ్బరి’ అని కొట్టాలంటే ప్రతిసారీ ఎడమ చిటికెన వేలు ఆ మూలకి పరిగెత్తాలి. భీమవరంలో ‘రొయ్య’ అనాలంటే ఇంకా చిత్రం: జె, బ్యాక్‌టిక్, స్లాష్, డి, స్లాష్. అయిదు దెబ్బల్లో ఒకటి పై ఎడమ మూలకి, రెండు కింది కుడి మూలకి. ‘ఒడ్డు’ అయితే షిఫ్ట్ పట్టుకుని బ్యాక్‌టిక్, ఆపైన బ్రాకెట్, డి, బ్రాకెట్, జి. ఈ మూడు మాటలు ఆగకుండా పడితే ఆ ల్యాప్‌టాప్ ఇన్‌స్క్రిప్ట్‌కి పనికొస్తుంది. షాపులోని డెమో మిషన్‌లో తెలుగు పెట్టుకోనివ్వకపోయినా, ఆ కీలని ఆ వరసలో నొక్కి చూస్తే సరిపోతుంది.

కుడి షిఫ్ట్ సంగతి కూడా చెప్పాలి. మాట మొదట్లో వచ్చే అ, ఆ, ఇ, ఉ అన్నీ ఎడమచేతి కీలకే షిఫ్ట్ కలిపితే వస్తాయి. టైపు పద్ధతి ప్రకారం ఎడమచేతి కీకి కుడి షిఫ్ట్ పట్టాలి. ‘అమ్మ’, ‘ఇల్లు’, ‘ఊరు’ అన్నప్పుడల్లా కుడి చిటికెన వేలు కిందికి దిగాలి. అక్కడ పై బాణం అడ్డుగా ఉంటే కర్సర్ పై లైనులోకి ఎగిరి, మిగతా మాట అక్కడ పడుతుంది. ఈ ఒక్క కారణానికి ల్యాప్‌టాప్ మార్చేసినా నేను తప్పు పట్టను.

వేళ్ల అలవాటు

ఇన్‌స్క్రిప్ట్ అందరూ వాడరు. ఇంట్లో, ఆఫీసులో చాలామంది పలుకుబడిని బట్టి ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటారు. లేఖిని లాంటి పరికరాలు అలవాటు చేసిన పద్ధతి అది. వాళ్లకి అంచులతో పనిలేదు. ‘కొబ్బరి’ అంతా నడిమి అక్షరాలతోనే అయిపోతుంది. అయితే వాళ్లకి వేరే బాధ ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘బ్బ’ అంటే రెండు బ ల మధ్య డి కీ వస్తుంది, వేలికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. పలుకుబడి పద్ధతిలో ఒకే కీని వెంటవెంటనే రెండుసార్లు కొట్టాలి. తెలుగులో ద్విత్వాలకి లోటా? అమ్మ, నాన్న, చెల్లి, మావయ్య, గట్టు, పొద్దు... అన్నీ జంటలే. మొదటి దెబ్బ తర్వాత బుడిపె తొందరగా పైకి లేవకపోతే రెండోది పడదు, ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అవుతుంది. కాబట్టి వీళ్లు చూడాల్సింది కీ ఎంత లోతుకి దిగుతుందని కాదు, ఎంత చురుగ్గా పైకి వస్తుందని. పైగా ట, డ, ణ, ళ లకి పెద్ద అక్షరాలు కావాలి కాబట్టి ‘బొబ్బట్టు’ దగ్గర షిఫ్ట్ పట్టుకునే జంట దెబ్బ కొట్టాలి. షిఫ్ట్ కీ పెద్దది కదా, ఒక అంచున నొక్కితే ఇంకో అంచు లేస్తుందేమో చూసుకోవాలి. స్పేస్ బార్‌కీ అదే పరీక్ష: రెండు కొసల్లోనూ నొక్కితే ఒకేలా పడాలి.

మూడో వర్గం డీటీపీ వాళ్లు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసేవాళ్లలో చాలామంది వాడేది అను అనే తెలుగు ఫాంట్లు, అందులో ‘ఆపిల్’ అని పిలిచే కీల అమరిక. వాళ్ల వేళ్లకి ఇన్‌స్క్రిప్ట్ తెలియదు, పలుకుబడీ తెలియదు. అక్షరం, గుణింతం, వత్తు వేర్వేరు ముక్కలుగా కీల మీద ఉంటాయి, మామూలు కీలు, షిఫ్ట్ కీలు అన్నీ నిండిపోయి ఉంటాయి. కీబోర్డ్‌లో ఏ మూల కోసినా వీళ్లకి ఒక అక్షరం కష్టమైనట్టే. ఇక ఆల్ట్ పట్టుకుని అంకెల కోడ్ కొట్టి గుర్తు తెప్పించే అలవాటు ఉన్నవాళ్లకి విండోస్‌లో నంబర్ ప్యాడ్ తప్పనిసరి, పై వరస అంకెలతో అది పనిచెయ్యదు. ల్యాప్‌టాప్ వద్దు, డెస్క్‌టాపే ఉంచుకుంటానని మావయ్య అంటే అందులో మొండితనం ఏమీ లేదు.

అలవాటు ఎంత బలమైనదో 2016లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు 30 మంది చేతుల కదలికల్ని కొలిచి చూపించారు. పది వేళ్ల పద్ధతి నేర్చుకోని వాళ్లలో కొందరు నేర్చుకున్నవాళ్లంత వేగంగానే కొట్టారు. వేగంగా కొట్టినవాళ్లలో కనిపించిన లక్షణాల్లో ముఖ్యమైనది, ఒక కీని ఎప్పుడూ ఒకే వేలితో నొక్కడం. అదే విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జ్ కలిసి 2018లో 1,68,000 మంది కొట్టిన 13.6 కోట్ల కీ దెబ్బల్ని విశ్లేషించాయి. సగటు వేగం నిమిషానికి సుమారు 52 మాటలు. వేగంగా కొట్టేవాళ్లు మొదటి కీ వదలకముందే రెండో కీ నొక్కేస్తారు, వాళ్ల దెబ్బల్లో 40 నుంచి 70 శాతం ఇలాంటివే. రెండూ తెలుగు టైపింగ్ మీద చేసిన అధ్యయనాలు కావనుకోండి. కానీ వాటి నుంచి నాకు అర్థమయ్యేది ఇది: కీ ఎక్కడుందో వేలికి గుర్తుండటమే వేగానికి సగం పెట్టుబడి. కొత్త ల్యాప్‌టాప్‌లో కీ మెత్తదనం వారం రోజుల్లో అలవాటవుతుంది. జరిగిన కీ చాలాకాలం సతాయిస్తుంది. ఫంక్షన్ కీ, కంట్రోల్ కీ తారుమారుగా ఉండటం గురించి థింక్‌ప్యాడ్ వాడేవాళ్లు ఏళ్ల తరబడి గొణిగింది ఇందుకే. 2024 మోడళ్లతో ఆ కంపెనీ చివరికి కంట్రోల్‌ని మూలకి తెచ్చింది.

నంబర్ ప్యాడ్ ఉండాలా వద్దా అన్నది కూడా వేళ్లని బట్టే తేలుతుంది. భీమవరం వైపు రొయ్యల కొనుగోలు లెక్కలు రాసే గుమాస్తాకి రోజంతా 30 కౌంటు, 50 కౌంటు, 100 కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), కిలోలు, రేటు... అంకెలే అంకెలు. ఆయన కుడిచెయ్యి 5 మీది చిన్న బొడిపెని తడుముకుని చూడకుండా కొడుతుంది. ఆయనకి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తప్ప గతి లేదు, అందులోనూ సున్నా కీ ఇరుకుగా లేనిది చూసుకోవాలి. రోజంతా రాసుకునేవాళ్లకి అదే నంబర్ ప్యాడ్ అడ్డం. దానికోసం అక్షరాలన్నీ ఎడమకి జరుగుతాయి. స్క్రీన్ మధ్యలో చూస్తూ చేతులు ఎడమకి పెట్టి కూర్చుంటే సాయంత్రానికి భుజం చెప్తుంది. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్‌ని నాన్న లెక్కలకీ కూతురు ప్రాజెక్టుకీ వాడితే ఇద్దరిలో ఒకరు సర్దుకోవాల్సిందే.

చిన్న విషయాలు కొన్ని. వెండి రంగు కీల మీద తెల్ల వెలుతురు వచ్చే బ్యాక్‌లైట్ ఉంటే సాయంత్రపు మసక వెలుగులో అక్షరాలు అసలు కనిపించవు, నల్ల కీలే మేలు. తెలుగు స్టిక్కర్లు అంటిస్తే ఆ బ్యాక్‌లైట్ మూసుకుపోతుంది, మన ఉక్కపోతకి అంచులు లేచి వేలికి గుచ్చుకుంటాయి. 2010 జూలై 15న వచ్చిన రూపాయి గుర్తు ఇప్పుడు ఇక్కడ అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో 4 కీ మీద అచ్చవుతోంది. విండోస్‌లో ‘ఇంగ్లిష్ (ఇండియా)’ అమరిక పెట్టుకుంటే కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కగానే పడుతుంది. అమెరికా అమరిక ఉంటే ఎంత నొక్కినా పడదు, కీ పాడైందనుకుని షాపుకి తీసుకెళ్లక్కర్లేదు.

పాడైతే

కీబోర్డ్ నచ్చడంలో మన వాతావరణం కూడా ఒక లెక్క. మెంబ్రేన్ మీద గీతలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని వెళ్తాయి. ప్రతి కీ ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిసే చోట కూర్చుంటుంది. అందుకే టీ ఒలికితే పక్కపక్క కీలు కాకుండా, ఎక్కడెక్కడో ఉన్న నాలుగైదు కీలు ఒకేసారి చచ్చిపోతాయి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న గీత ఒకటి తెగిందని అర్థం. కీక్యాప్‌లు తీసి తుడిచినంత మాత్రాన అది బాగుపడదు. మంచినీళ్ల కంటే కొబ్బరి బొండం నీళ్లు ప్రమాదం: అందులో లవణాలుంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది, పంచదార ఉంటుంది కాబట్టి ఆరాక జిగురవుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరప్రాంతాల్లో ఏమీ ఒలక్కపోయినా ఉప్పుగాలికి ఆ వెండి గీతలు మెల్లగా తుప్పు పడతాయి.

పాత ల్యాప్‌టాప్‌లలో కీబోర్డ్ నాలుగు స్క్రూలతో విడిగా వచ్చేసేది, రాజమండ్రిలో ఏ సర్వీసు షాపులోనైనా కూర్చున్నంతసేపట్లో మార్చిచ్చేవారు. ఇప్పటి పల్చటి వాటిల్లో చాలావాటికి కీబోర్డ్‌ని పై పలకకి ప్లాస్టిక్ రివెట్లు కరిగించి అతికిస్తారు. పలక వంగకుండా బిగువుగా ఉండటానికి అది మంచిదే, ఆ ‘టక్’ బాగా వస్తుంది. కానీ ఒక్క కీ పోయినా టచ్‌ప్యాడ్‌తో సహా పై కవర్ మొత్తం కొనాలి, లేదా ఆ రివెట్లన్నీ ఒక్కొక్కటే గీకి తీసే ఓపికున్న మెకానిక్ దొరకాలి. కొనకముందే తెలుసుకోవాలంటే, కొన్ని కంపెనీలు సర్వీస్ మాన్యువల్‌ని సైట్‌లో పెడతాయి. విడిభాగాల జాబితాలో కీబోర్డ్ ఒక్కటే వేరుగా రాసి ఉంటే దాన్ని విడిగా మార్చుకోవచ్చు. పై కవర్, కీబోర్డ్ కలిపి ఒకే భాగంగా రాసి ఉంటే ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకుని చూసుకోవడం మంచిది.